రాతి బొరియలో వీరుడు

“నీళ్లు చెడిన రోజు యజమానికి తెలిసేలా అందరికంటే ముందు అద్దం దగ్గరికి వెళ్లేది నేనే!” అని తొట్టెలోని సముద్రపు చేపలకు పసుపుచేప మాటిచ్చింది.

ఆ రోజు వచ్చింది. నీరు ఆవిరై తగ్గితే, యజమాని మంచినీళ్లు పోయాల్సింది పోయి మళ్లీ ఉప్పునీళ్లే పోశాడు. ఆవిరైనది నీరే, ఉప్పు కాదు; ఉప్పు మోతాదు మించి, మొప్పలు మండి చేపలన్నీ రాతి బొరియల్లో దూరాయి. అందరికంటే లోపల పసుపుచేప!

“సిగ్గెక్కువ వీటికి, హాయిగా ఉన్నాయి” అని యజమాని మురిసిపోయాడు.

“బయటికి రా, పెద్దయ్యా!” అంది గాజురొయ్య.

“పరిస్థితులు పక్వానికి రావాలి తమ్ముడూ. పోరాటం వర్ధిల్లాలి!” అంది పసుపుచేప, తోక కూడా కనపడనీయకుండా.

“బొరియలో అరిస్తే బుడగలొస్తాయి, అంతే. అద్దం ముందు నేనెంత గంతులేసినా ఆయనకు కనపడను, నా ఒళ్లే గాజు. నువ్వు కనపడతావు. పదిహేనో తారీఖున మళ్లీ ఉప్పునీళ్లు పోస్తాడు. వస్తావా, రావా? పద్నాలుగులోగా జవాబు చెప్పు.”