అలసట జబ్బు కాదు

“నువ్వు ఈ దీవిలో కాపురం ఉంటున్నావా, లేదా? అదొక్కటి చెప్పు గెర్డా,” అన్నాడు మేయర్ హోల్క్.

“లేదు. నెల రోజులుగా అవతలి ఒడ్డున మా చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను. చిరునామా కూడా మార్చుకున్నాను. అది పక్క మునిసిపాలిటీ. అక్కడ ఉండేవాళ్ళు ఇక్కడ కౌన్సిల్ సభ్యులుగా పనికిరారు.”

బల్ల చుట్టూ ఉన్న ఎనిమిది మందీ కాఫీ కప్పుల్లోకి చూశారు. గెర్డాకు అర్హత ఉందో లేదో తేల్చాల్సింది వాళ్ళే. డెన్మార్క్‌లో రాజీనామా పడేసి పోవడానికి వీల్లేదు, తోటి సభ్యులు ఒప్పుకోవాలి. పదిహేనేళ్ళు చేశాను, అలసిపోయాను, వదిలేయండని ఆమె రెండుసార్లు అడిగింది. అలసట జబ్బు కాదని రెండుసార్లూ తిప్పి పంపారు.

“నిజంగా అక్కడే పడుకుంటున్నావా?” అంది సభ్యురాలు కిర్‌స్టెన్.

“మంచం అక్కడే, మందులు అక్కడే, పిల్లి కూడా అక్కడే.”

“మరి మొగుడు?”

“విగ్గో ఇక్కడే. కోళ్ళనెవరు చూస్తారు?”

“నిన్ను వదిలితే వచ్చే నెల నేనూ మా అత్తగారింటికి మకాం మారుస్తా,” అన్నాడు మేయర్.

“ఆవిడ రానివ్వాలిగా,” అంది గెర్డా నీరసంగా.

కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. విగ్గో పడవ అడుగుకు రంగు వేస్తున్నాడు. జూన్‌లో ఇద్దరూ అందులో నార్వే వైపు బయలుదేరాలి. పోయిన రెండు వేసవులూ మురుగు కాలువల మీద సమావేశాల్లోనే గడిచిపోయాయి.

“అర్హత పోయిందనేవాళ్ళు చేతులెత్తండి.”

ఐదు చేతులు లేచాయి. గెర్డా మెల్లగా ఊపిరి వదిలింది. తన ముందున్న ఫైళ్ళను పక్కవాడి వైపు తోసేసి, కోటు అందుకుంది.

“ఆగండి, ఖాళీలోకి ఎవరొస్తారో రాసుకోవాలి,” అంటూ కార్యదర్శి మెరెటె పాత ఎన్నికల కాగితం తీసింది. “సీటు మీ పార్టీ జాబితాదే. మీ తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చిన యెన్స్ కోపెన్‌హాగన్ వెళ్ళిపోయాడు. కారెన్ చనిపోయింది. ఇక మిగిలింది ఇద్దరే. కాగితం నింపడానికి చివర్లో చేర్చిన పేర్లు. బేకరీ ఆస్ట్రిడ్‌కి సున్నా. రెండో వాళ్ళకి ఒక్క ఓటు. ఒకటైనా ఎక్కువే కదా.”

ఆమె కళ్ళద్దాలు సవరించుకుంది.

“విగ్గో థోరుప్.”

 బల్లంతా నవ్వులతో ఘొల్లుమంది.

“మొగుణ్ణి నింపుడు పేరుగా పెట్టుకుంటే ఇంతే మరి!” కళ్ళు తుడుచుకున్నాడు మేయర్. “ఇంకా రెండున్నరేళ్ళు. ముందే చెప్తున్నా, అతనికీ అలసట జబ్బు కాదు. అయినా ఆ ఒక్క ఓటూ అతనే వేసుకుని ఉంటాడు!”

గెర్డా నవ్వలేదు. కింద రేవులో విగ్గో ఆమెను చూసి రంగు కుంచె ఊపాడు. పోలింగు రోజున బయటికొస్తూనే, మా ఆవిడకే వేశానని దారిలో కనిపించిన అందరికీ చెప్పిన మనిషి.

తన పేరు పక్కన తానే ఓటు ఇంటూ పెట్టుకోవడానికి సిగ్గుపడి, ఆ రోజు అతని పేరు పక్కన పెట్టింది ఆమే.