నాలుగు కాలేజీల పిల్ల

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచిన జ్ఞానానందం మైకుని రెండు చేతులా పట్టుకున్నాడు, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

చెప్పవలసింది ఒక్క ముక్క. ఇంటర్ పాసైన కూతురు స్వర్ణ కబడ్డీ ఆడుతుంది. శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్ళు ఆమెకి ఊరికే సీటు, హాస్టలు, భోజనం ఇస్తామన్నారు. అక్కడ ఆటలు నేర్పే పద్మజ మేడం పిల్ల ఆట చూసి, నౌపడలో వీళ్ళింటి దాకా వచ్చి స్వయంగా అడిగి వెళ్ళింది. అందుకు దేవుడికి కృతజ్ఞత.

అంతే చెప్పి కూర్చుంటే ఏ గొడవా ఉండేది కాదు.

కానీ అతనికంటే ముందు బెన్హర్ లేచాడు. తన కొడుకుని వాలీబాల్‌కి రెండు కాలేజీలు పిలిచాయన్నాడు. చర్చి అంతా "స్తోత్రం" అంది.

రెండు విన్న చెవులకి ఒకటి చెప్పడానికి నోరు రావాలి కదా.

"మా స్వర్ణని నాలుగు కాలేజీలోళ్ళు రమ్మంతన్నారండి," అన్నాడు జ్ఞానానందం.

ఈసారి స్తోత్రం పైన రేకుల దాకా వెళ్ళింది.

ఆడవాళ్ళ వైపు చాప మీద స్వర్ణ తల వంచుకుంది. ప్రార్థనలో ఉందనుకున్నారు అందరూ.

ఇంటికొచ్చాక అడిగింది.

"మిగతా మూడూ ఏటి నాన్నా?"

"వస్తాయిలే. నలుగురు అడిగినారని తెలిస్తే అయిదోవోడు ఆడంతట ఆడే వస్తాడు. సూడు."

నిజం చెప్పొద్దూ, ఆ వారం జ్ఞానానందానికి భలే బాగుంది.

అతను పనిచేసే ఉప్పు మడుల దగ్గర మేస్త్రి "కూకోవయ్యా" అంటూ తన స్టూలు జరిపాడు. ఆడపిల్లకి ఆ గెంతులేటి అని మూతి తిప్పిన పక్కింటి దేముడమ్మ గుడ్లు తెచ్చి, "పిల్లకి పెట్టండి, బలం వస్తాది" అంది. కుళాయి దగ్గర స్వర్ణని బిందె ముందు పెట్టుకోనిచ్చారు.

పిల్ల కాస్త తలెత్తి నడుస్తోందని కూడా అతనికి అనిపించింది. అబద్ధమే గానీ, ఎవరికి నష్టం?

అన్నట్టే అయిదోవాడు వచ్చాడు కూడా!

విజయనగరం వైపు ప్రైవేటు కాలేజీ మనిషి. తెల్ల కారు, ఇస్త్రీ చొక్కా. టీ తాగాడు. స్వర్ణ ఎలా ఆడుతుందని అడగలేదు. ఎదురుగా నిలబడ్డ పిల్ల వైపు సరిగ్గా చూడనైనా లేదు.

"ఆ నాలుగూ ఏ కాలేజీలండీ?" అన్నాడు.

"పెద్దవేనండి."

"పేర్లు చెప్పండి, వాళ్ళకంటే ఎక్కువే ఇప్పిస్తాను. అంతమంది అడిగిన అమ్మాయి వస్తే మాకూ పేరే కదా."

జ్ఞానానందం శ్రీకాకుళం కాలేజీ పేరు చెప్పి ఆగిపోయాడు.

"ఇంకా?"

"సెప్తాను, సెప్తాను..."

ఆ మనిషి కప్పు కింద పెట్టేశాడు. మళ్ళీ రాలేదు. ఫోనూ లేదు.

సందులో వాళ్ళు మాత్రం కారునే చూశారు. దాంతో నాలుగు కాస్తా అయిదయ్యాయి.

మళ్ళీ ఆదివారం. ఆరాధన అయ్యి అందరూ గుమ్మంలో వందనాలు చెప్పుకుంటుంటే ఫోను మోగింది. పద్మజ మేడం.

"జ్ఞానానందం గారూ, అయిదు కాలేజీలు అడిగాయట కదా, చాలా సంతోషం. మాది చిన్న కాలేజీ. వానొస్తే హాస్టలు కారుతుంది కూడాను. అమ్మాయికి నేను అడ్డం రాను. నరసన్నపేట పిల్ల ఒకామె ఈ సీటు కోసం ఎదురుచూస్తోంది, సాయంత్రం ఆమెకి చెప్పేస్తాను. మీరేం మొహమాటపడకండి."

"ఎవులు బావా? కాలేజీవోళ్ళేనా?" అంటూ బెన్హర్ దగ్గరికొచ్చాడు. అతని వెనకే ఇంకొందరు.

జ్ఞానానందం ఫోను చెవికి అదుముకున్నాడు. సరేనండీ అంటే చాలు, ఇంతమందిలో పరువు నిలబడుతుంది. పిల్ల చదువు అక్కడితో సరి.

స్వర్ణ వైపు చూశాడు. ఆమె ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది తొడుక్కోకుండా అలాగే నిలబడిపోయింది.

"ఆగండి మేడమ్," అన్నాడు, గట్టిగానే. "అయిదూ నేదు, నాలుగూ నేదు. ఇంకెవులూ అడగనేదమ్మా. మీరొక్కరే. నానే సర్చీలో అబద్ధం సెప్పీసినాను."

బెన్హర్ బైబిలుని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"అయితే రేపు పొద్దున్నే తీసుకురండి మరి," అంది మేడం. "ఆలస్యం చెయ్యకండి."

గుమ్మం దగ్గర జనం మెల్లగా జారుకున్నారు. ఎప్పుడూ కలిసి నడిచే బెన్హర్ ఏదో పనున్నట్టు ముందే వెళ్ళిపోయాడు.

తండ్రీ కూతుళ్ళు ఇంటిదారి పట్టారు. అతనికి సిగ్గుతో చచ్చినంత పనైంది.

"నీ పరువు కూడా తీసీసినానమ్మా."

"పర్లేదు నాన్నా," అంది స్వర్ణ. "అందరూ కాలేజీలు లెక్కెట్టినోళ్ళే. నాను ఆడతంటే సూసినది ఆ మేడమొకర్తే."

ఆమె ఆట చూడ్డానికి జ్ఞానానందం ఒక్కసారీ వెళ్ళలేదు. పిల్ల ఆడే స్కూలు గ్రౌండు ఇంటికి ఎంతో దూరం లేదు.

"మళ్ళీ ఆటెప్పుడమ్మా?" అన్నాడు.