గోళ్లు కనిపించే కంప్యూటర్

అమ్మ చేతిసంచి తీసి కౌంటర్ మీద పెట్టింది. అంటే వాదనకు దిగిందన్నమాట. సంచి చేతిలో ఉన్నంతసేపే కొడుక్కి కాస్త ఊపిరాడేది.

వచ్చే వారం కాలేజీ మొదలు. హాస్టల్‌కి వెళ్లేది కొడుకు, ల్యాప్‌టాప్ కొనిపెట్టేది అమ్మ. కుట్టుమిషన్ మీద ఆమె కూడబెట్టిన డబ్బుకి షాపులో రెండే అందుబాటులో ఉన్నాయి. ఒకటి చకచకా పనిచేస్తుంది, కెమెరా మాత్రం నాసిరకం. రెండోది బాగా నిదానం, కెమెరా మాత్రం అద్దంలా చూపిస్తుంది.

"మొదటిదే తీసుకుందాం," అన్నాడు కొడుకు. "నేను చదవబోయేది కంప్యూటర్ కోర్సు. ఆ నత్తతో వేగలేనమ్మా!"

"రెండోదే," అంది అమ్మ.

"నేను వెళ్లేది చదువుకోవడానికా, ఫొటో స్టూడియో పెట్టడానికా?"

"రోజూ సాయంత్రం నాతో మాట్లాడాలి. నీ మొహం కనబడాలి. గోళ్లు తీసుకున్నావో లేదో కూడా కనబడాలి."

"ఫోన్ ఉందిగా?"

"ఫోన్లో ఏం బాగుంటుందిరా? దాన్ని పట్టుకుంటే ఓ చెయ్యి పోయినట్టే."

షాపులో అందరూ వీళ్లనే చూస్తున్నారు. కొడుక్కి తల కొట్టేసినట్టుంది. అమ్మకు మాత్రం ఎవరేమనుకున్నా లెక్కలేదు.

ఇది తెగేలా లేదని సేల్స్‌మ్యాన్ మధ్యలో దూరాడు. "తమ్ముడూ, మొదటిదాని స్పీకర్లు ఒక్కసారి విను. గదిని సినిమా హాలు చేసేస్తాయి!" అంటూ సౌండ్ ఆఖరిదాకా పెంచేశాడు. షాపంతా అదిరిపడింది. ఎవరి చంకలోనో పాపాయి గుక్కపట్టింది. అమ్మ తల కూడా తిప్పలేదు. జాకెట్ కుట్లు సరిచూసినట్టు ల్యాప్‌టాప్ మూత తెరిచి, మూసి చూసుకుంటోంది. కొడుకు నవ్వాపుకున్నాడు.

సేల్స్‌మ్యాన్ మొహం చిన్నబోయింది. "పోనీ, విడిగా ఓ చిన్న కెమెరా కొనుక్కుని తగిలించుకో," అన్నాడు.

కొడుకు ఆ మాట అమ్మకు చేరవేశాడు.

"విడిగానా? ఒక్క వర్షాకాలంలో మూడు గొడుగులు పారేసిన ఘనుడివి! నీ దగ్గర అది ఉంటుందా?"

చివరికి పరీక్ష పెట్టుకున్నారు. అమ్మ వెళ్లి రోడ్డవతల మెట్టు మీద కూర్చుని, ఎదురుగా సంచికి ఫోన్ ఆనించుకుంది. కొడుకు మొదటి ల్యాప్‌టాప్ నుంచి వీడియో కాల్ చేశాడు.

"ఆ దుమ్ములోనా? ఇక్కడే ఏదో మూల నిలబడి మాట్లాడుకోవచ్చుగా," అన్నాడు సేల్స్‌మ్యాన్.

"పర్లేదండీ," అన్నాడు కొడుకు. తెరమీద అమ్మ కనబడింది. ఏదో సరదాగా అందామనుకున్నాడు గానీ వేరే మాట వచ్చేసింది.

"అమ్మా, నువ్వు లేకపోతే నాకక్కడ ఏమీ తోచదు."

అమ్మ కళ్లు చికిలించింది. ఫోన్ దగ్గరికి వంగింది. అంతా అర్థమైనట్టు తలూపింది.

"ఆఁ, తిన్నాన్రా. ఇంటికెళ్లాక నువ్వూ తిందువుగానీ."

వాడు రెండో ల్యాప్‌టాప్ ముందుకు జరిగి మళ్లీ కాల్ చేసి, మళ్లీ అదే మాట చెప్పాడు.

ఈసారి అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత నవ్వేసింది.

"ముందు ఆ గోళ్లు తీసుకో. ఛీ, ఎంత మట్టి!"

కొడుకు రెండో ల్యాప్‌టాప్ మూత మూశాడు. "ఇదే ఇచ్చేయండి."

"ఇది బాగా నిదానం తమ్ముడూ!" అన్నాడు సేల్స్‌మ్యాన్.

"పరుగులు నేను పెడతాలెండి."

బిల్లు కట్టేసి ఇద్దరూ బయటపడ్డారు. అమ్మ సంచి భుజాన తగిలించుకుంది. వేళకి తిను, తడి తలతో పడుకోకు, గొడుగు జాగ్రత్త అంటూ బస్టాపు దాకా సుద్దులు చెబుతూనే ఉంది. మాటకు మాట అప్పజెప్పే కొడుకు ఒక్కదానికీ బదులివ్వలేదు.

రెండు చేతులా ల్యాప్‌టాప్ డబ్బా పట్టుకున్నాక, పుట్టుకతోనే చెవులు వినబడని అమ్మతో వేళ్లతో మాట్లాడేదెలా?