చతుర్థి పరీక్ష

"కూలికి పోయేవాళ్ళ బిడ్డకు వ్యాకరణం ఎందుకమ్మా?" అన్నాడు తెలుగు సంఘం అధ్యక్షుడు కుమరేశన్.

"ఆ మాట ఇక్కడుండే బిడ్డలందర్నీ అడిగినారా అయ్యా?" అంది మోనిష.

తమిళనాడులోని ధర్మపురి సంఘం హాలులో కూర్చున్న అమ్మలూ నాన్నలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేసవి సెలవుల్లో వ్యాకరణం చెప్పడానికి చిత్తూరు నుంచి పంతులు రాబోతున్నాడు. అక్షరాలు దిద్దించే ఓపిక తనకు లేదనీ, చదవడం వచ్చిన పిల్లలనే చేర్చుకోమనీ ఆయన ముందే చెప్పాడు. ఆ పరీక్ష పెట్టే పెత్తనం కుమరేశన్‌ది. తన చెరుకు తోటలో కూలి చేసే అంజనమ్మ మొన్న మనవరాలు మోనిష కోసం అడగడానికి వస్తే ఆయన గుమ్మంలోనే నిలబెట్టి, "మీ ఇంట్లో తెలుగు చదివినోళ్ళు ఎవురుండారు?" అని పంపేశాడు. అది తలచుకుంటేనే మోనిషకు ఒళ్ళు మండుతోంది. ఈ రోజు చోటు దక్కించుకోకుండా గడప దాటేది లేదు.

"ఇంట్లో మేము మాట్లాడేది తెలుగేనయ్యా."

"మాట్లాడేది వేరే, చదివేది వేరే. చతుర్థీ విభక్తి తీసి చదువు." ఆయన ఒక పుస్తకం ఆమె ముందుకు తోశాడు. తనూ ఒకటి తెరిచాడు.

మోనిష పుటలు తిప్పి ఒకచోట వేలు పెట్టింది. "కొఱకున్, కై చతుర్థీ విభక్తి..." కలుపు తీసేటప్పుడు కూడా ఫోనులో పాఠాలు వింటూ వల్లె వేసిన పిల్ల. ఎక్కడ ఆపమంటాడో అని చూస్తూనే ఒక్క మాటా తప్పకుండా చెప్పుకుపోయింది.

కుమరేశన్ తన పుస్తకంలో వరుస వెంట వరుస వేలు జరుపుతూ తలాడించాడు. "ఊఁ, అచ్చంగా అట్లే ఉండాది. సొంతంగా ఒక ఉదాహరణ చెప్పు."

మోనిష తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. "మీ చెరుకు కొఱకు మా అవ్వ నడుము వంచినాది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. కుమరేశన్ మొహం కందగడ్డలా అయింది.

"తప్పుంటే చూపించండయ్యా. పుస్తకం మీ చేతిలోనే ఉండాది కదా!"

ఆయన పుటలోకి చాలాసేపు చూశాడు. పక్కవాళ్ళూ మెడలు సాచి అందులోకే చూశారు.

"తప్పేమీ లేదు," అన్నాడు చివరికి. "చేర్చుకోండి."

ఆయన కొడుకు కదిరవన్ ఆమె పేరు తమిళంలో రాసుకున్నాడు. మోనిష పుస్తకం మూసి, దండం పెట్టి, తల ఎత్తుకుని బయట ఎదురుచూస్తున్న అవ్వ దగ్గరికి నడిచింది.

మోనిషతో సహా ఆ హాలులో తెలుగు అక్షరం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు.