పెండ్లి కుండలు

“అంత నమ్మకముంటే మొదటి మంటకు నీ పెండ్లాన్నే కూసోబెట్టు ఆశన్నా,” అన్నాడు సేటు.

కామారెడ్డి రైసుమిల్లులో బాయిలరు భట్టీకి లోపల మట్టిపూత పెట్టేది ఆశన్నే. పోయినసారి ఆ పూత పగిలి, కింద కూర్చుని ఊక ఎగదోస్తున్న లస్మయ్య మీద భట్టీ నోటి మీది కమాను విరిగిపడింది. లస్మయ్య బతకలేదు. సేటు మాత్రం మిల్లు ఆగిపోయినందుకే ఏడ్చాడు. ఇంకోసారి పగిలితే ఆశన్న బతుకు బజారున పడ్డట్టే.

అందుకే ఎల్లారెడ్డి వెళ్ళి తండ్రి మైసన్న ముందు కూర్చున్నాడు. జీవితమంతా కుండలు కాల్చిన ముసలాయన ఉపాయం చెప్పాడు.

“కాలిన కుండను దంచి మట్టిల కలుపు. ఒకసారి కాలిన మట్టి మల్ల కుంచించుకోదు, పగలదు. ఉప్పు మాత్రం కలవనియ్యకు బిడ్డా. పెద్ద మంటకు బెల్లం లెక్క కరిగి కూలుతది.”

ఉపాయం బాగానే ఉంది, కుండలే లేవు. పెరట్లో ఏరితే గంపెడు పెంకులు కూడా రాలేదు. కొత్తవి కాల్చిమ్మంటే మైసన్నకు ఒళ్ళు మండింది. పగలగొట్టనీకి కుండ చేసేటోడు కుమ్మరోడే కాదని మొహం తిప్పుకున్నాడు.

కొన్నాళ్ళాగి ఆశన్న మళ్ళీ వెళ్ళి, సేటు బిడ్డ పెండ్లని, బండినిండా ఐరేని కుండలు కావాలని, రంగులు అక్కడే వేయించుకుంటారని అబద్ధమాడాడు. ముసలాయన ముఖం విప్పారింది. ఇత్తడి బిందెలొచ్చాక ఆయన కుండ పెళ్ళిపందిట్లోకి వెళ్ళిందే లేదు. పాపం, ఒక్కపొద్దుండి మరీ సారె తిప్పాడు. బండి కదిలేటప్పుడు ఒక్కో కుండనూ తడిమి సాగనంపాడు. అవి ఎన్నడూ లేనంత తెల్లగా ఉన్నాయి. ఆశన్నకు వాటిని చూసే ఓపిక లేదు. దంచడానికి రోకళ్ళు ఎవరినడగాలా అన్నదే అతని బెంగ.

కుండలు పిండయ్యాయి. చిన్న మంటకు పూత ఆరింది, వెంట్రుకవాసి బీట కూడా లేదు. ఆ ధీమాతోనే సేటు మాటకు తలూపి, ఇంటికి వెళ్ళి భార్య గంగామణిని తీసుకొచ్చాడు.

ఆమె కమాను వంక చూసి, “పడదు గద?” అంది.

“మా బాపు చెప్పిన మట్టి. కూసో.”

గంగామణి కమాను కింద కూర్చుని ఊక ఎగదోసింది. పెద్ద మంట లేచింది, మిల్లు చక్రం తిరిగింది, సేటు మొదటిసారి నవ్వాడు.

అప్పుడే మైసన్న కొత్త రుమాలు చుట్టుకుని మిల్లులోకి వచ్చాడు. పెండ్లి పందిరి ఎక్కడని వెతుకుతూ, మోతలో వినబడదని కొడుకు చెవి దగ్గరికి వంగాడు. కుండలు సేటుకు నచ్చినయా అని అడిగాడు. ఆశన్న ఔనన్నాడు.

ముసలాయన మురిసిపోయాడు.

“తెల్లగ రావాలని మట్టిల ఉప్పు కలిపిన బిడ్డా.”