మింగుడుపడని మాత్ర

“ఇది నా గొంతులో దిగదు. తీసెయ్యండి.”

దర్జీ మాత్రను మళ్లీ గిన్నెలో పడేసింది.

అందులో మందు లేదు, చిన్న యంత్రం ఉంది. కడుపులో ఆమ్లం ఎంతుందో, తిన్నది ఎక్కడ ఎంతసేపు ఆగుతోందో కనిపెట్టి, నడుముకు కట్టిన పెట్టెకు చేరవేస్తుంది. పనయ్యాక దాని దారిన అదే బయటికి పోతుంది.

“అందరూ మింగుతున్నారమ్మా,” అంది కొత్తగా చేరిన నర్సు.

“లోపల ఇరుక్కుంటే?”

నర్సు గడియారం చూసుకుంది.

దర్జీ లేచి గదిలో అటూ ఇటూ తిరగసాగింది. ఏడాదిగా ఇదే బాధ. రెండు ముద్దలు తింటే కడుపు రాయి. పడుకుంటే గొంతులోకి పులుపు, మంట. కుట్టుమిషను ముందు వంగితే ప్రాణం పోయినంత పని. ఆడపడుచు మాత్రం, “వదినకి జబ్బు కడుపులో కాదు, బుర్రలో,” అని నలుగురిలో నవ్వుతుంది.

“గడ్డం కిందికి దించి మింగమ్మా. పైకెత్తితేనే అడ్డం పడుతుంది.”

తలుపు పక్క బెంచీ మీద ఒక ముసలాయన. పొద్దుటి నుంచీ అక్కడే కూర్చుని వచ్చినవాళ్లందరినీ పలకరిస్తున్నాడు.

“మీరు డాక్టరా?”

“కాదమ్మా.”

“పేషెంటా?”

“ఇప్పుడు కాదు.”

“మరి మీకెందుకండీ?”

“ఒక్కదానివే వచ్చావు కదా అని...”

“ఏ పనీ లేకపోతే ఇంట్లో కూర్చోండి. ఒకళ్లు అవస్థ పడుతుంటే చూడ్డం సరదానా?”

ఆయన నొచ్చుకోలేదు. గ్లాసు నిండా నీళ్లు పోసి అందించాడు.

ఒళ్లు మండి, ఆమె మాత్ర నోట్లో వేసుకుని గ్లాసు లాక్కుంది. గడ్డం దించి గటగటా తాగేసింది.

మాత్ర దిగిపోయింది. నడుము దగ్గర పెట్టె మిణుకుమంది.

అయినా ఆమె చిరాకు తగ్గలేదు. “ముందు ఆయన్ని పంపించెయ్యండి,” అంది నర్సుతో.

“తాతగారూ, ఇక్కడ ఊరికే కూర్చోకూడదు. రేపట్నించి రాకండి.”

“అలాగేనమ్మా.” ఆయన గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. “భయపడకు తల్లీ. ఇది తప్పకుండా పోతుంది.”

మరుసటి వారం దర్జీ పెట్టె తిరిగివ్వడానికి వచ్చింది.

డాక్టరమ్మ తెర మీద గీతలు చూసి చెప్పింది. “మీ కడుపు మరీ నిదానం. తిన్నది కిందికి దిగట్లేదు, అందుకే పులుపు ఎగదన్నుతోంది. మందులున్నాయి.”

“అయితే... నిజంగానే జబ్బా?”

“నిజంగానే.”

దర్జీకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. “ఆ మాట మా ఆడపడుచుకి ఒక్కసారి ఫోన్లో చెబుతారా?”

డాక్టరమ్మ నవ్వుతూ ఆమెతోపాటు బయటికొచ్చింది. ఎవరో కుర్రాడు మాత్రను నోటిదాకా తెచ్చి మళ్లీ గిన్నెలో పడేస్తున్నాడు. బెంచీ ఖాళీగా ఉంది.

“మన పెద్దాయనేరీ?”

నర్సు నీళ్లు నమిలింది. “ఊరికే కూర్చుంటున్నారని నేనే రావద్దన్నాను మేడమ్. ఈవిడ కూడా విసుక్కుంటేనూ...”

డాక్టరమ్మ ఫోన్ చేసింది. అవతల మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

దర్జీ మొహం పాలిపోయింది. “ఎవరండీ ఆయన?”

“ఈ మాత్ర తయారైన కొత్తలో ఎవరూ ముందుకు రాకపోతే మొట్టమొదట మింగిందీ, అది పేగులో ఇరుక్కుంటే కడుపు కోయించుకుందీ ఆయనేనమ్మా; ఆ తర్వాతే మేం దీన్ని ఇంత చిన్నది చేశాం.”