ఉతకని టీషర్టు

"ఉతికినయి పనికిరావమ్మా. ఒంటి మీదికెళ్లి ఇడిసింది కావాలె. అరగంటల మా జీపు పోతది," అన్నాడు ఎల్లప్ప.

అతను పోలీసు కుక్కను నడిపించే కానిస్టేబులు. ఉప్పుగూడలో పక్క గల్లీ కిరాణా దుకాణంలో దొంగతనం జరిగితే పొద్దున్నే కుక్కను తెచ్చారు. ఆ సంగతి తెలిసి పుష్పమ్మ పరుగున వెళ్లి అతని కాళ్ల మీద పడింది. డెయిరీలో డ్యూటీకని మంగళవారం పోయిన తన భర్త బాలనర్సింహ ఈ రోజు దాకా తిరిగి రాలేదని చెప్పింది. నాలుగు రోజులైతే వాసన పట్టడం కష్టమే, అయినా చూద్దామని ఎల్లప్ప కుక్కతో ఆమె వెంట ఇంటికి వచ్చాడు.

పుష్పమ్మ అయిదు టీషర్టులు తెచ్చి మంచం మీద పడేసింది. బాలనర్సింహ టీషర్టులు తప్ప వేసుకోడు. దుకాణంలో మెడ పట్టి లాగి, వదిలితే మళ్లీ దగ్గరికి వస్తేనే కొంటాడు. వాటిని పుష్పమ్మ అంతకంటే జాగ్రత్తగా చూసేది. తిరగేసి చన్నీళ్లలోనే ఉతికేది. బండకేసి బాదేది కాదు, మెలిపెట్టి పిండేది కాదు. తీగకు వేస్తే భుజాలు సాగుతాయని మంచం మీద పరిచి నీడన ఆరబెట్టేది. ఈ నాలుగు రోజులూ చేతులు ఊరుకోక, ఉతికినవే మళ్లీ ఉతికింది.

ఒక్కొక్కటీ ముక్కుకు ఆనించుకుంది. అన్నీ సబ్బు వాసనే.

దిండు గలీబు ఉందా, దుప్పటి ఉందా అని అడిగాడు ఎల్లప్ప. అవి గురువారమే ఉతికింది. తువ్వాలా అంతే. చెప్పులు ఆయన కాళ్లకే ఉన్నాయి. పెట్టె బోర్లించింది, మంచం కిందికి దూరింది, పొయ్యి దగ్గరి మసిగుడ్డ కూడా తీసి చూపించింది. అతను తల అడ్డంగా ఊపి, గడియారం చూసుకుని లేచాడు.

పుష్పమ్మ కుక్క గొలుసు పట్టుకుంది. "ఒక్క అయిదు నిమిషాలు ఆగన్నా. నీ చెల్లెననుకో. నా చేతులతోని నేనే ఆయన్ని కడిగి పారేసిన."

అప్పుడు కదిలింది ఆగమ్మ. బాలనర్సింహ తల్లి. మంగళవారం నుంచి గడప దగ్గర కూర్చుని ఎవరితోనూ మాట్లాడని మనిషి, లోపలికి పోయి తన బట్టల మూటలోంచి నీలం టీషర్టు ఒకటి తెచ్చింది. మెడ అంచు నల్లగా మాసి ఉంది.

"సోమవారం ఇడిసిండు. నీకు దొరికితే ఉతుకుతవని దాసిన బిడ్డా."

ఇంకో రోజైతే ఆ మాటకు కోపం వచ్చేది. పుష్పమ్మ అత్త రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

ఎల్లప్ప టీషర్టును కుక్క ముందు పరిచాడు. అది టీషర్టు మెడ లోపలికి, చంకల్లోకి మూతి దూర్చి చాలాసేపు వాసన చూసింది. తల ఎత్తి గొలుసు లాగింది. వీధిలోకి దూకి గల్లీ చివరికి పరుగెత్తింది. జనం పక్కకు తప్పుకున్నారు. కుక్క రైలు పట్టాల వైపు తిరిగింది. అటు కాదు, అటు కాదు అని పుష్పమ్మ గొణిగింది.

కుక్క ఆగింది. నేల వాసన చూసి వెనక్కి తిరిగి, వచ్చిన దారినే ఇంట్లోకి దూసుకొచ్చింది. ఆయన ఇంట్లోకి వచ్చి ఉంటాడా అని పుష్పమ్మ ఆశగా గదిలోకి చూసింది. కుక్క నేరుగా వెళ్లి ఆగమ్మ ముందు కూర్చుని, పని అయిపోయినట్టు ఎల్లప్ప వైపు చూసింది.

ఎల్లప్ప మళ్లీ వాసన చూపించాడు. కుక్క మళ్లీ ఆమె దగ్గరే కూర్చుంది. అతను గొంతుక్కూర్చుని, ఈ టీషర్టు ఇన్ని రోజులూ ఎక్కడ పెట్టావని ముసలామెను మెల్లగా అడిగాడు.

"యాడ పెడ్త సారూ," అంది ఆగమ్మ. "నాలుగు రాత్రులు దాన్నే కావలించుకొని పండుకున్న."